మొదటి మానవ జీనోమ్ అసలు ఎవరిది?

బైపీసీ_నాన్న:
మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నిన్న రాత్రి చదువుకుంటూ "నాన్నా, 2003లో మనిషి జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, చదవడం పూర్తయిందంటున్నారు, ఏ మనిషిది?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఒకరిదా, చాలామందిదా? క్రెయిగ్ వెంటర్ అనే అమెరికా శాస్త్రవేత్త తన డీఎన్ఏనే వాడుకున్నాడని విన్న గుర్తు. తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్_పక్షి:
వెంటర్‌ది వేరే కథండీ. ప్రభుత్వ ప్రాజెక్టుకి పోటీగా జీనోమ్ చదివిన ఆయన కంపెనీ సెలెరా ఐదుగురి డీఎన్ఏ తీసుకుంది, అందులో ఎక్కువ భాగం తనదేనని 2002లో ఆయనే చెప్పాడు. మీ అమ్మాయి అడిగేది 1990లో మొదలైన ప్రభుత్వాల ప్రాజెక్టు గురించి. దానికోసం 1997 మార్చిలో అమెరికాలోని బఫెలో ఊళ్లో పేపర్లో ప్రకటన ఇచ్చారు, రక్తం ఇవ్వడానికి మనుషులు కావాలని. అక్కడి రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో పీటర్ డి జాంగ్ బృందం ఆ డీఎన్ఏని లక్షన్నర అక్షరాలకు (డీఎన్ఏలోని ఎ, టి, జి, సి) పైబడిన ముక్కలు చేసి, బ్యాక్టీరియాలో పెట్టి పెంచింది. ఒక్కో దాత ముక్కల సమాహారం ఒక లైబ్రరీ. వాటిలో ఆర్‌పీ11 అనేది చాలా బాగా కుదిరింది, అందరూ దాన్నే వాడారు. చివరికి జీనోమ్‌లో సుమారు 70 శాతం ఆ ఒక్క మగమనిషిదే అయింది.
నాకు బాధ అనిపించేది ఇక్కడే. ఆయన సంతకం పెట్టిన పత్రంలో ఒక్కో దాత నుంచి 10 శాతానికి మించి రాకపోవచ్చని రాశారు.

కోడ్_రాసే_మామ:
ఆ మాట నిలబెట్టుకోవాల్సింది, హడావుడి అనేది సాకు కాదు. కానీ సెలెరాతో పోటీ ఎంత టెన్షన్‌గా ఉండేదో కూడా చెప్పాలి. 2000 మే నాటికి ప్రభుత్వ ప్రాజెక్టు దగ్గర ముక్కలు ఉన్నాయి గానీ వాటిని అతికించే ప్రోగ్రామ్ లేదు. కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ యూనివర్సిటీలో జిమ్ కెంట్ అనే పీహెచ్‌డీ విద్యార్థి నాలుగు వారాల్లో రాసేశాడు, టైపింగ్‌తో మణికట్లు నొప్పెట్టి రాత్రిళ్లు ఐస్ పెట్టుకుంటూ! జూన్ 22న వంద మామూలు కంప్యూటర్ల మీద జీనోమ్ కూర్పు పూర్తయింది, నాలుగు రోజుల తర్వాత వైట్‌హౌస్‌లో క్లింటన్ ప్రకటించాడు. జూలై 7న దాన్ని నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేశారు. జీన్లు ఏ కంపెనీ సొత్తూ కాకూడదని కెంట్ అంత కష్టపడ్డాడు, అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

ల్యాబ్_పక్షి:
ఇంకోటి, 2003లో కూడా అంతా అయిపోలేదు. సుమారు 8 శాతం మిగిలిపోయింది, అది 2022లో గానీ పూర్తి కాలేదు.

బైపీసీ_నాన్న:
ఇద్దరికీ థాంక్స్. ఇదంతా చదివి వినిపిస్తే మా అమ్మాయి ఇంకోటి అడిగింది, ఆ 70 శాతం ఆయనకి ఈ సంగతి తెలుసా అని.

ల్యాబ్_పక్షి:
తెలిసే వీలు లేకుండా చేశారండీ. కావాల్సినవాళ్ల కంటే ఎక్కువమంది దగ్గర రక్తం తీసుకుని, పేర్లు తీసేసి, కొందరివే వాడారు. అది తనదేనని ఆయనకీ తెలియదు, ల్యాబ్‌వాళ్లకి ఆయనెవరో తెలియదు.