అమెరికాలో మొదటి ఏడాది తెలుగు రూమ్మేట్లతోనే ఉండాలా?

ఖమ్మం అమ్మాయి
ఆగస్టులో ఎం.ఎస్.కి చికాగో వెళ్తున్నాను. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ముగ్గురు తెలుగమ్మాయిలు కలిసి ఇల్లు తీసుకుందామంటున్నారు. మా అక్క వద్దంటోంది. వేరే దేశాలవాళ్ళతో ఉంటేనే తొందరగా అలవాటు పడతావంటుంది. ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

చికాగో, రెండో ఏడాది
చెల్లీ, తెలుగువాళ్ళతోనే ఉండు. ఆగస్టులో అంతా కొత్తగా, బాగానే ఉంటుంది. అసలు బెంగ నవంబరులో పట్టుకుంటుంది. ఆ నెల మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకిపోతుంది. ఇండియాకూ మనకూ తేడా పదకొండున్నర గంటలవుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఏడుపు ముంచుకొచ్చి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అమ్మ క్యారియర్లు సర్దే హడావిడిలో ఉంటుంది. "మళ్ళీ చేస్తానమ్మా" అని పెట్టేస్తుంది. అప్పుడు "తిన్నావా?" అని అడిగే మనిషి ఇంట్లో ఉండాలి. పప్పులోకి ఎండుమిర్చి, ఇంగువ పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. తెలుగమ్మాయైతే కిటికీ తీసి, అలారం కింద టవల్ ఊపుతుంది. తెలియనివాళ్ళ మధ్య అదే జరిగితే మళ్ళీ పోపు పెట్టడానికే భయపడతాం. ఇంట్లో కూడా బిక్కుబిక్కుమంటూ బతకడం మంచిది కాదు.

డెంటన్, ఉద్యోగం
నేను ఒప్పుకోను. మా ఇంట్లో నలుగురం తెలుగువాళ్ళమే. ఒకరికి ఇంటర్న్‌షిప్ రాకపోతే ఆ దిగులు నలుగురికీ అంటుకునేది. రాత్రిళ్ళు ఇక్కడి మనుషులను తిట్టుకోవడమే కాలక్షేపం. కల్చర్ షాక్ గురించి, అంటే కొత్త దేశంలో పట్టుకునే తికమక, దిగులు గురించి, 1960లో రాసిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ సరిగ్గా ఇదే చెప్పాడు: మొదటి మోజు తీరాక సొంత దేశంవాళ్ళంతా ఒకచోట చేరి, వచ్చిన దేశాన్ని ఆడిపోసుకుంటారని. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలంటేనే మనకు నోరు రాదు. ఇంట్లో కూడా తెలుగే అయితే ఆ బెరుకు ఎప్పుడు పోతుంది?

చికాగో, రెండో ఏడాది
అన్నా, ఆ బెరుకు పోగొట్టుకోవాల్సింది బయట. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో దొరికితే చాలు, రోజూ పదిమందితో మాట్లాడక తప్పదు. కొత్త మనుషులు, కొత్త మాట, మంచు అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు, ఇంటికొచ్చాక చారన్నం తిని తెలుగులో నాలుగు మాటలు చెప్పుకోవడం తప్పెలా అవుతుంది?

అన్న చెప్పిన దిగులు మాత్రం నిజం. చెల్లీ, వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించకపోతే రూమ్మేట్ల ఓదార్పుతో సరిపెట్టుకోకు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళు. చాలాచోట్ల దాని ఖర్చు మనం కట్టే ఫీజులోనే ఉంటుంది. పిచ్చివాళ్ళే వెళ్తారన్న మాట చెవిన వేసుకోకు.

ఖమ్మం అమ్మాయి
అయితే వాళ్ళతోనే తీసుకుంటాను. లైబ్రరీ పనికి ఇక్కడి నుంచే అప్లై చేయొచ్చా, అక్కడికొచ్చాకేనా?