‘ది రెయిడ్’ చూసినవాళ్లు కాస్త చెప్పండి, అందులో కథ తక్కువవడం లోపమేనా?

నిన్న రాత్రి ఇండోనేషియా సినిమా ‘ది రెయిడ్’ (2011) చూశాను. బడ్జెట్ పది లక్షల డాలర్ల పైచిలుకేనట, నమ్మబుద్ధి కాలేదు. కథంతా జకార్తాలో ఒకే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో. పోలీసులు లోపలికి వెళ్తారు, ఇరుక్కుపోతారు, అంతే.

నాకు మాత్రం ఫైట్లు పిచ్చిగా నచ్చాయి. ఇందులో నటించిన ఇకో ఉవైస్, యాయన్ రుహియాన్ ఇద్దరికీ పెన్చాక్ సిలాట్ (ఇండోనేషియా యుద్ధ విద్య) నిజంగానే వచ్చు, ఫైట్లు కంపోజ్ చేసిందీ వాళ్లే. అందుకేనేమో, తెర మీద దెబ్బ పడితే మనకే తగిలినట్టుంటుంది. విలన్ అనుచరుడు మ్యాడ్ డాగ్ (యాయన్ వేసిన పాత్ర) తుపాకీ పక్కన పెట్టేసి ఉత్త చేతులతో దిగే సీనైతే రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

నాతో చూసిన ఫ్రెండ్‌కేమో అరగంటకే విసుగొచ్చింది. “కొట్టుకోవడం తప్ప కథేదిరా?” అన్నాడు. పూర్తిగా కాదనలేకపోయాను. సినిమాలో హీరోకీ అతని అన్నకీ మధ్య పెట్టిన సెంటిమెంట్ నాకూ అతికించినట్టే అనిపించింది.

మీకేమనిపించింది? ఇలాంటి సినిమాకి ఫైట్లు బాగుంటే చాలా? 2014లో వచ్చిన రెండో భాగంలో కథ ఎక్కువ అంటున్నారు, దాంతో వేగం తగ్గిందా? ఇంకోటి, మా తమ్ముడికి 14 ఏళ్లు, తనూ చూస్తానని ఒకటే గొడవ. ఇంత రక్తపాతం ఉన్న సినిమా వాడికి చూపించొచ్చంటారా?