రేడియోలో విని వచ్చినోడు గాలివాటంగాడేనా? నాకూ మా మేనల్లుడికీ డబ్‌స్టెప్ పంచాయితీ

పెన్‌డ్రైవ్_కావలి:

ఒక పంచాయితీ తీర్చండి అన్నలూ, అక్కలూ. మాది కావలి. మా అక్క కొడుక్కి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న ఆదివారం నెల్లూరు నుంచి ప్యాసింజర్‌లో వస్తుంటే ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి "మామా, ఈ డ్రాప్ విను" అన్నాడు. డ్రాప్ అంటే పాట ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా బేసు దించే చోటు. చూస్తే డబ్‌స్టెప్, లండన్‌లో పుట్టిన, బేసు మీద నడిచే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం. ఏదో ఎఫ్ఎం వాళ్లు రాత్రిపూట రీమిక్స్ ప్రోగ్రాంలో వేశారంట. అక్కడ పట్టుకుని వారం రోజులుగా అదే పనిగా వింటున్నాడంట.

సంతోషం వెయ్యాలి కదా, ఇంట్లో ఇన్నాళ్లకు ఒక తోడు దొరికాడని? ఒళ్లు మండింది. "నిన్నగాక మొన్న ఈ బండి ఎక్కినోడివి నువ్వు. రేడియోలో వచ్చాక గుంపులో గోవిందా అంటే సరిపోదు. నేను 2009 నుంచి వింటున్నా" అన్నాను.

"నీకెట్లా తెలిసింది మరి?" అన్నాడు వాడు. అక్కడ దొరికిపోయాను.

2009లో మా పెదనాన్న కొడుకు లండన్‌లో ఎమ్మెస్సీ ముగించుకుని వస్తూ 4 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అందులో రెండు గంటల ఫైల్ ఒకటి. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ చేసిన డబ్‌స్టెప్ స్పెషల్. మాలా, స్క్రీమ్, కోడ్‌నైన్, హాచా, లోఫా అని అప్పటి డబ్‌స్టెప్ డీజేలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలా కాసేపు వాయిస్తారు. ఆ ఒక్క ఫైల్‌తో ఇంజనీరింగ్ చివరి రెండేళ్లూ గడిపేశాను. ఇదంతా నేనే గొప్పగా చెప్పాను. వాడు మొత్తం విని, "అంటే నీకూ రేడియోలోనేగా మామా వచ్చింది, అదీ మూడేళ్లు లేటుగా" అన్నాడు. బిట్రగుంట నుంచి కావలి దాకా నేను నోరెత్తితే ఒట్టు.

నా బాధ కూడా వినండి. హాస్టల్లో నేను ఇది పెడితే "గ్రైండర్ పాడైందా అబ్బా" అన్నోళ్లే అందరూ. 2012 ఫిబ్రవరిలో స్క్రిలెక్స్ అనే అమెరికా డబ్‌స్టెప్ కుర్రాడికి మూడు గ్రామీ అవార్డులు వచ్చాయి. అంతే, హైదరాబాద్‌లో మా రూమ్‌లో ఉన్న నలుగురూ పుట్టినప్పట్నుంచీ వింటున్నట్టు మాట్లాడారు. ఒకడైతే నాకే నేర్పించబోయాడు. ఆ మంట ఇప్పుడు పిల్లోడి మీద పడిందేమో తెలీదు. మీరేమంటారు?

మార్కాపురం_పలక:

కేసు కొట్టేశాం. మేనల్లుడికి ఖర్చులు ఇప్పించవలెను.

దర్గామిట్ట_అక్క:

తమ్ముడూ, మీ ఇద్దరి గొడవలో ఒక సంగతి మరిచిపోయారు. డబ్‌స్టెప్ అసలు పెరిగిందే రేడియోలో. దక్షిణ లండన్‌లో క్రోయిడన్ అని ఉంది, అక్కడ బిగ్ యాపిల్ అనే రికార్డుల షాపు. హాచా అందులోనే పనిచేసేవాడు. స్క్రీమ్ అయితే ఇంకా పదహారూ పదిహేడేళ్ల కుర్రాడు. సరిగ్గా మీ మేనల్లుడి వయసు! వీళ్లు చేసిన పాటలు బజారులో దొరికేవి కావు. పాట చెయ్యగానే డబ్‌ప్లేట్ అని ఒకే ఒక్క రికార్డు కోయించుకునేవాళ్లు. నాలుగు వారాలు తిప్పితే అరిగిపోయే సరుకు అది. అది వినాలంటే క్లబ్బుకైనా పోవాలి, రిన్స్ ఎఫ్ఎం అయినా పెట్టాలి. ఆ రిన్స్ 1994లో మొదలైన పైరేట్ రేడియో. లైసెన్స్ వచ్చింది 2010లో. పదహారేళ్లు దొంగచాటుగానే నడిచింది.

కాబట్టి "రేడియోలో విన్నావు" అనేది తిట్టు ఎట్లా అవుతుంది? ఏ రేడియో అని అడగాలి. పైరేట్‌లో విన్నోళ్ల లెక్కలో బీబీసీలో విన్న నువ్వూ గాలివాటంగాడివే. నువ్వు చెప్పే ఆ ప్రోగ్రాం తర్వాత రెండు నెలలకే లండన్‌లోనే బ్రిక్స్‌టన్‌లో, మాలా, లోఫా వాళ్లు నడిపే డీఎంజెడ్ అనే డబ్‌స్టెప్ క్లబ్ రాత్రికి మొదటి వార్షికోత్సవం జరిగింది. నాలుగు వందల మంది పట్టే హాలు చాలక, క్యూ చూసి అప్పటికప్పుడు పెద్ద హాలుకు మార్చారు. ఆ క్యూలో సగం మంది రేడియో విని వచ్చినోళ్లే అయ్యుంటారు, పాతోళ్లు వాళ్లని చూసి మూతి తిప్పుకునే ఉంటారు.

ఒంగోలు_బేస్‌బాక్స్:

నాది డీజే సెట్, పెళ్లిళ్లూ ఊరేగింపులూ. మీరు చెప్పిన పేర్లు నాకు ఒక్కటీ తెలీదు. కానీ పోస్ట్ చూసి ఆ రెండు గంటలదీ వెతికి పెట్టాను. ముందు ఫోన్‌లో. ఏముంది, టిక్కు టిక్కుమని తాళం, వెనక ఎక్కడో ఒక మాట, మధ్యలో అంతా ఖాళీ. దీనికా కొట్టుకుంటున్నారు వీళ్లు అనుకున్నా.

మధ్యాహ్నం షెడ్డులో 18 అంగుళాల బాక్సులు నాలుగుంటే కలిపి పెట్టాను. అప్పుడు తెలిసింది ఆ ఖాళీలో ఏముందో. శబ్దం అనేందుకు లేదు. ముందు రేకు షట్టర్ వణికింది, తర్వాత బల్ల మీద టీ గ్లాసులో వలయాలు లేచాయి, ఆ తర్వాత పొట్టలో తెలిసింది. 40 హెర్ట్జ్ ఆ చుట్టుపక్కల ఉంటుంది ఆ బేసు. ఫోన్ స్పీకర్‌కి అందులో వీసమెత్తు కూడా రాదు, ఆటోలో పెట్టే స్పీకర్‌కీ రాదు. నిజం చెప్పాలంటే నా బాక్సులకే కష్టమైంది. మేము ఊరేగింపులో గుద్దుడు రావాలని కొంచెం పైన ట్యూన్ చేసి కట్టిస్తాం. అంతకన్నా కిందికి పోతే స్పీకర్ కోన్ ఊరికే ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది గానీ సౌండ్ రాదు.

ఇప్పుడు మీ పిల్లోడు వినే రకం కూడా పెట్టాను. అది ఫోన్‌లోనే గుర్రుమంటుంది. బేసుని చించి, గరగరలాడించి, పైకి లాగారు, ఏ డబ్బాలోనైనా వినపడేలా. తప్పని నేననను. లాప్‌టాప్‌లో, కారులో వినేవాడికి కూడా వినపడాలిగా. వినేవాణ్ణి గాలివాటం అనడం దేనికి? గాలికి తిరిగింది పాట చేసేవాళ్లు. నేను వాళ్లనీ తిట్టను. పెళ్లివాళ్లు అడిగిందే నేనూ వేస్తా, కరెంటు బిల్లు నాది.

ఒకసారి పిల్లోణ్ణి తీసుకుని రండి. మంగళవారం ఖాళీ.

పొదిలి_హార్మోనియం:

బండి ముందెక్కినోడికి ఏం దక్కుతుందో చెప్తా. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అని సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆయన. 1982లో రోలాండ్ వాళ్ల టీబీ-303 అనే బేసు మిషన్, టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ పెట్టి పది రాగాలు డిస్కో తాళంలో రికార్డు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అదే 303తో షికాగో వాళ్లు చేసిన యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం రికార్డు వచ్చింది 1987లో, దాన్ని ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. 2010లో ఈయన రికార్డు మళ్లీ వేస్తే గానీ జనం నోరెళ్లబెట్టలేదు. ఈయన ఏ బండీ ఎక్కలేదు, అప్పటికి బండే లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన పెళ్లిళ్లకీ పార్టీలకీ వాయించుకుంటూ ఉండి ఉంటాడు. నీ 2009 సీనియారిటీని దీని పక్కన పెట్టి చూసుకో నాయనా.

పెన్‌డ్రైవ్_కావలి:

అక్కా, ఒప్పుకున్నా. పొదిలి వారికి దండం.

మంగళవారం ఒంగోలు వెళ్లొచ్చాం. అన్న ముందే చెప్పాడు, చెవుల్లో దూది పెట్టుకోండని. పదహారేళ్లుగా ఇయర్‌ఫోన్‌లో, లాప్‌టాప్‌లో వింటున్నా గదా, లోఫా వంతు వచ్చేసరికి నాకే కొత్త పాటలా ఉంది. తాళం నిమిషానికి 140 దెబ్బల్లో ఉన్నా నడక సగమే అనిపిస్తుంది. రెండు దెబ్బల మధ్య బోలెడంత చోటు. ఆ చోటులో బేసు నిలబడి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలీదు. వినకుండానే సీనియర్‌నయ్యాను.

మా వాడు షట్టర్‌కి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, ముప్పావుగంట. నన్నొక్క మాట అన్లేదు, అనుంటే బాగుండు. పక్కింటి పెద్దమ్మ వచ్చి స్టాండులో స్టీలు పళ్లేలు మోగుతున్నాయి నాయనా అంటే ఆపేశాం.

అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో ఒక్క 18 అంగుళాల బాక్సు, దానికి సరిపోయే యాంప్లిఫయర్ ఎంతలో వస్తాయో చెప్పు. ఇంట్లో ఏం చెప్పాలో నేనూ వాడూ చూసుకుంటాం.