14 బృందాలు, 3 గంటలు: పట్టిక కుదరడం లేదు, సలహా ఇవ్వగలరు

కార్యక్రమ బాధ్యుడు:
మధ్యాహ్నం నుంచి ఆరు గంటలుగా ఒకే పట్టికను రాసి కొట్టేస్తున్నాను. మా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులతో జరిపే అంతర్జాతీయ సాంస్కృతిక దినోత్సవానికి 14 బృందాలు పేర్లిచ్చాయి. బృందానికి 8 నిమిషాల చొప్పున మొత్తం 112 నిమిషాలే అవుతుంది, సభామందిరం సాయంత్రం 6 నుంచి 9 వరకు మాదే, అయినా ఎలా పేర్చినా సమయం మించిపోతోంది. దీనికి తోడు రెండు బృందాలు తొలి గంటలో వేదిక ఎక్కలేమంటున్నాయి. కారణం అడిగితే ‘మీకు తెలియదా’ అని ఎదురు ప్రశ్నిస్తున్నాయి. గత ఏడాది ఇదే వారంలో, తొమ్మిది బృందాలతో జరిపినప్పుడు ఆ రెండే ముందుగా వేదిక ఎక్కాయి. అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెందుకు వచ్చింది?

మితభాషి:
తేదీ?

పతాక ప్రియుడు:
పట్టిక సంగతి తరువాత చూడవచ్చు, వేదిక మీద జెండాలను ఏ క్రమంలో నిలుపుతున్నారో ముందు చెప్పండి, ఎందుకంటే ఇలాంటి సభల్లో నేను చూసిన అలకలలో చాలా వరకు అక్కడే మొదలయ్యాయి. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి కార్యాలయం ముందు 193 సభ్యదేశాల జెండాలు ఆంగ్ల అక్షరక్రమంలో, అఫ్గానిస్తాన్‌తో మొదలై జింబాబ్వేతో ముగుస్తాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పేచీకి అక్కడ తావే లేదు. అన్నిటినీ ఒకే దీర్ఘచతురస్రపు కొలతలో కుట్టించారా, స్విట్జర్లాండ్ జెండా తప్పిపోతుంది, అది చతురస్రం. నేపాల్ జెండా ఒకదానిపై ఒకటి నిలిచిన రెండు త్రికోణాల ఆకారంలో ఉంటుంది; దానిని నాలుగు మూలల తెల్లగుడ్డ మీద అచ్చు వేయించి అదే జెండా అనుకునేవారు ఉన్నారు.

కార్యక్రమ బాధ్యుడు:
జెండాల గురించి నేను అడగలేదండీ. తేదీతో పట్టికకు పనేమిటో కూడా నాకు అర్థం కాలేదు.

పదశోధకుడు:
మూడు గంటల సాయంత్రాన్ని ‘అంతర్జాతీయ దినోత్సవం’ అని పిలవడమే మొదటి పొరపాటు. ఆ మాట వినగానే ఐక్యరాజ్య సమితి 2002లో సాంస్కృతిక వైవిధ్యానికి కేటాయించిన మే 21, లేదా యునెస్కో 1999లో ప్రకటించగా 2000 నుంచి మాతృభాషా దినోత్సవంగా జరుగుతున్న ఫిబ్రవరి 21 గుర్తుకు వస్తాయి. మీది ఆ రెండూ కాకపోతే ‘సాంస్కృతిక సాయంత్రం’ అంటే సరిపోతుంది. మనతో ఒకే తరగతిలో కూర్చునే వారిని ‘విదేశీ విద్యార్థులు’ అని గోడపత్రికలో వేయడం కూడా బాగుండదు. ‘అంతర్జాతీయ విద్యార్థులు’ అనడం మర్యాద.

పతాక ప్రియుడు:
ఒప్పందం అంతర్జాతీయం కావచ్చు, పోటీ కావచ్చు, ఒక మనిషి అంతర్జాతీయం ఎలా అవుతాడండీ? ‘విదేశీ’ అన్న మాటలో నాకైతే చిన్నచూపు కనబడదు.

పదశోధకుడు:
మీకు కనబడకపోవచ్చు. ఆ మాట ఎవరి మీద పడుతోందో వారిని అడిగి చూడండి.

తెరవెనుక:
ఆ చర్చకు వేరే చోటు వెతుక్కోండి, పాపం ఈయన పట్టిక కోసం వచ్చారు. బాధ్యుడు గారూ, వేదిక అమర్చడం, చివర అన్నీ సర్ది మందిరం అప్పగించడం కూడా ఆ 6 నుంచి 9 లోపలేనా? ప్రసంగాలు ఎన్ని?

కార్యక్రమ బాధ్యుడు:
6కు తాళం ఇస్తారు, 9కి తిరిగి అప్పగించాలి. ఎక్కడైనా అంతే కదా అని రాయలేదు. ముఖ్య అతిథి ప్రసంగం 20 నిమిషాలు. తేదీ వచ్చే నెల మొదటి శనివారం.

మితభాషి:
రంజాన్ తొలి వారం. ఉపవాసం విరమించే వేళ.

తెరవెనుక:
రెండు చిక్కులూ విడిపోయినట్టే. చంద్రుని నడకను బట్టి లెక్కించే ఇస్లామిక్ హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కనుక రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. గత ఏడాది ఇదే వారానికి ఆ నెల ఇంకా మొదలు కాలేదు. ఆ రోజు సూర్యాస్తమయం ఎన్ని గంటలకో చూసి, అక్కడ 20 నిమిషాల విరామం ఇవ్వండి. ఇక లెక్కకు వస్తే, అమర్చడానికి 30, సర్దడానికి 30 పోగా మీ చేతిలో ఉన్నవి 120 నిమిషాలే. అంశాలకు 112, బృందానికీ బృందానికీ నడుమ 3 నిమిషాల చొప్పున 13 మార్పులకు 39, ప్రసంగానికి 20, మొత్తం 171 అయింది. నిమిషాలు కోస్తే ఇది కుదరదు, వేదిక మీది బృందాలే తగ్గాలి. లిపి నేర్పేవారు, చేతిపనులు చూపేవారు, దుస్తులు ప్రదర్శించేవారు ఉంటే వారికి వసారాలో బల్లలు వేయించండి, చూసేవారితో ఎదురెదురుగా మాట్లాడే వీలు అక్కడే ఎక్కువ. వేదికకు ఎనిమిది బృందాలు, ఒక్కొక్కటికి 6 నిమిషాలు, మార్పుకు 2 చొప్పున 62 నిమిషాలు. ప్రసంగం 10, విరామం 20 కలిపితే 92. మిగిలిన 28 కూడా ఆ రాత్రి ఎటు పోతాయో మీకే తెలియదు, వాటిని ముట్టుకోకండి. మైకులు ఎక్కువ కావలసిన బృందాలను వరుసగా వేసి, తెర ముందు వ్యాఖ్యాత మాట్లాడుతుండగా వెనుక సామగ్రి మార్చితేనే ఆ 2 నిమిషాలు సరిపోతాయి. పాటలన్నీ ముందు రోజే ఒకే కంప్యూటర్‌లోకి తీసుకోండి.

కార్యక్రమ బాధ్యుడు:
ఆరు బృందాలను బల్లల దగ్గరకు పంపితే చిన్నబుచ్చుకోరా?

తెరవెనుక:
మీరే ఏరి పంపితే చిన్నబుచ్చుకుంటారు. వేదికా, బల్లా అని 14 బృందాలనూ అడగండి, నలుగురైదుగురు తామే బల్ల కోరుకుంటారు.

కార్యక్రమ బాధ్యుడు:
అడిగాను, ఐదు బృందాలు బల్లకు ఒప్పుకున్నాయి. ఆ రెండు బృందాలకు క్షమాపణ కూడా చెప్పాను. ముఖ్య అతిథికి 10 నిమిషాలేనని ఎవరు చెప్పాలో మాత్రం మాలో తేలలేదు. ధన్యవాదాలు.

పతాక ప్రియుడు:
జెండాల క్రమం చెప్పనేలేదు.