క్లోమం వాచినవారిని ఎన్నాళ్లు పస్తు ఉంచాలి?

నర్సంపేట సభ్యుడు: మా మేనమామకు పైకడుపులో లేచిన నొప్పి వీపులోకి పాకడంతో వరంగల్‌లోని ఒక ఆసుపత్రిలో చేర్చాము. కొవ్వును అరిగించే క్లోమపు రసం లైపేజ్ రక్తంలో ఉండవలసిన దానికి పది రెట్లు ఉందని, క్లోమం వాచిందని చెప్పారు. రెండో రోజుకు వాంతులు ఆగాయి, ఆయన ఆకలంటున్నారు, డాక్టరు మెత్తటి అన్నం పెట్టమన్నారు. లైపేజ్ దిగేదాకా ఏమీ పెట్టవద్దని ఇంట్లో పెద్దలు పట్టుబట్టారు. ఎవరి మాట వినాలి?

కరీంనగర్ సభ్యుడు: పెద్దల మాటే సరి. పేగులో పనిచేయవలసిన జీర్ణరసాలు క్లోమంలోనే చురుకై ఆ గ్రంథినే జీర్ణం చేస్తున్నప్పుడు, తిండి పెట్టి వాటిని ఇంకా ఊరించడం ఎందుకు? మా బాపును అయిదు రోజులు సెలైన్ మీదే ఉంచారు, కోలుకున్నారు.

హనుమకొండ సభ్యురాలు: నేను వార్డులో నర్సును. మీ బాపు కోలుకోవడం సంతోషమే, కానీ పస్తు వల్లే కోలుకున్నారని చెప్పలేము, ఎందుకంటే ఈ జబ్బు ఎక్కువమందిలో తేలికగానే ఉండి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. గ్రంథికి విశ్రాంతి అనే వాదం వినడానికి సబబుగానే ఉన్నా, తిండి పడని పేగు గోడ బలహీనపడి, అందులోని సూక్ష్మక్రిములు దాటివచ్చి కుళ్లిన క్లోమానికి పట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2018లో, రోగి తట్టుకోగలిగితే 24 గంటల్లోపే నోటితో ఆహారం మొదలుపెట్టాలని సూచించింది. లైపేజ్ జబ్బును గుర్తించడానికే తప్ప తీవ్రతను కొలవడానికి పనికిరాదు. అది దిగేదాకా ఆగనవసరం లేదు. మేము నెయ్యి, నూనె లేని మెత్తటి అన్నం, పలుచని పెసరకట్టు నాలుగు చెంచాలు పెట్టి, నొప్పి తిరగబెట్టకపోతే ఇంకొంచెం పెడతాము. వాంతులు ఆగనివారికి, జబ్బు ముదిరి నోటితో తినలేనివారికి ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు.

అన్నం సంగతి కన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది: కారణం తేలిందా? పిత్తాశయంలో రాళ్లా, మద్యమా, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటాయా?

నర్సంపేట సభ్యుడు: స్కానింగులో రాళ్లు కనిపించాయి. ఆపరేషన్ నాట్లయ్యాక చేయిద్దామనుకుంటున్నాము.

హనుమకొండ సభ్యురాలు: దయచేసి అంతవరకు ఆగకండి. వాపు తేలికపాటిదైతే ఇంటికి పంపకముందే పిత్తాశయం తీసివేయడం మేలు. నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, నెల రోజులు ఆగినవారిలో నూటికి 17 మంది రాళ్ల ఇబ్బందులతో మళ్లీ ఆసుపత్రిపాలవడమో, చనిపోవడమో జరిగింది. వెంటనే చేయించుకున్నవారిలో 5 మందే. రేపు రౌండ్స్‌కు వచ్చినప్పుడు డాక్టరుగారిని ఈ ఒక్క విషయం తప్పక అడగండి.