ప్రశ్నోత్తరాలు ముందా, జీరో అవర్ ముందా? రాజ్యసభ పనివేళల మీద మీరేమంటారు?

ఉద్దానం కుర్రోడు (కవిటి)
అందరికీ నమస్కారం. మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్లో పార్లమెంటు ప్రసారాలు చూపే సంసద్ టీవీ చూడటం నాకు అక్కడే అలవాటైంది, మన కిడ్నీ జబ్బుల సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని. ఎవరైనా తెలుగులో మాట్లాడితే నాన్న ఇటు తల తిప్పుతాడు, హిందీలోకి వెళ్లగానే మళ్లీ కళ్లు మూసుకుంటాడు.

నా వాదన ఇది: రాజ్యసభలో ప్రశ్నోత్తరాల సమయాన్ని (సభ్యుల ప్రశ్నలకి మంత్రులు జవాబిచ్చే గంట) పొద్దున్న 11 గంటల నుంచి తీసి మధ్యాహ్నం 12 గంటలకి జరిపి, 11కి జీరో అవర్ (అప్పటికప్పుడు వచ్చిన విషయాలు ఎత్తే సమయం) పెట్టడం తప్పు. 2014 నవంబరులో అప్పటి ఛైర్మన్ హమీద్ అన్సారీ గారు మార్చారు, రోజూ గొడవల్లో ఆ గంట కొట్టుకుపోతోందని. అంతకుముందు 2011లో మధ్యాహ్నం 2కి పెట్టి చూశారు, అదీ నిలబడలేదు. లోక్‌సభలో ఇప్పటికీ 11కే. మరి మార్చిన రాజ్యసభలో గొడవ తప్పిందా? లేదు. 11కి అరుపులు, 12కి వాయిదా, 12కి మళ్లీ అవే అరుపులు, 2 గంటలకి వాయిదా. జీరో అవరూ పోయింది, ప్రశ్నలూ పోయాయి. మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పడం రోజులో మొదటి పని కావాలి.

కోట జంక్షన్ (విజయనగరం)
అన్నా, నేను లా చదువుతున్నాను, నీతో ఒప్పుకోలేను. ప్రశ్న వేయాలంటే 15 రోజుల ముందు నోటీసివ్వాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ కొబ్బరి తోటల్ని పడగొట్టినప్పుడు సమావేశాలు లేవు, సరే, కానీ అలాంటిది సమావేశాల మధ్యలో వస్తే? 15 రోజులాగి అడుగుతారా? అలాంటి వాటికే జీరో అవర్. అది నిబంధనల పుస్తకంలో లేదు, ఆనవాయితీగా వచ్చింది. ఒక్కో సభ్యుడికి మూడు నిమిషాలు, దాటితే మైక్ ఆగిపోతుంది. నిన్న జరిగిన నష్టం ఇవాళ సభలో వినపడాలంటే అదొక్కటే దారి, అది పొద్దున్నే ఉండటం న్యాయం.

పలాస జీడిపిక్క
వినపడి ఏటి లాభం తమ్ముడూ? జీరో అవర్లో అడిగినదానికి మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న రూలు లేదు. మూడు నిమిషాలు మాట్లాడి కూర్చుంటారు, ఆ క్లిప్ సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, అంతే. నా ఓటు 11 గంటలకి ప్రశ్నలకే.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి (రాజాం)
బాబూ, మీరంతా గడియారం దగ్గరే ఆగిపోయారు. నేను ముప్పై ఏళ్లు గ్రామసభలు నడిపినవాణ్ణి, ఒక సంగతి చెప్తాను.

ఒక ఊళ్లో (పేరు వద్దు) ఎజెండా ముందు పెడితే జనం విసిగి లేచిపోయేవారు, ఫిర్యాదులు ముందు పెడితే అరుపులతో ఎజెండా అలాగే ఉండిపోయేది. రెండు రకాలుగానూ చేసి చూశాం. కానీ మినిట్స్ బుక్కు మాత్రం ఎప్పుడూ నిండేది. ఖాకీ అట్ట వేసిన పొడుగు పుస్తకం, సభ మొదలవకముందే చేతులు మారేది, వేలిముద్ర వేసినవాళ్లు పక్కనున్న గోడకి వేలు తుడుచుకునేవారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ నీలం మరకలు వరసగా ఉండేవి. మీటింగు జరగలేదు, పుస్తకంలో జరిగింది. అప్పుడు నేనూ నోరు మూసుకున్నాను, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రాజ్యసభలో జరిగేదీ ఇలాంటిదే. రోజుకి 15 స్టార్ ప్రశ్నలు లాటరీ తీసి పెడతారు, వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి. మరో 160 ప్రశ్నలకి రాతపూర్వక జవాబు చాలు. సభ వాయిదా పడితే ఆ 15 ప్రశ్నలు ఎటూ పోవు, జవాబు కాగితాలు సభ ముందు పెట్టేసినట్టే లెక్క. రికార్డు నిండుతుంది. పోయేదల్లా అనుబంధ ప్రశ్న. అసలు ప్రాణం అక్కడ కదా ఉంది! మొదటి జవాబు ఆఫీసువాళ్లు రాసిచ్చినది, మంత్రి చదువుతాడు. "మరి ఆ డబ్బు ఏ జిల్లాకి ఎంత వెళ్లింది?" అని రెండోసారి అడిగినప్పుడే ఆయన నిజంగా ఆలోచించి చెప్పాలి. ప్రశ్న వేసిన సభ్యుడికి అలాంటివి రెండు అడిగే వీలుంటుంది, ఇతరులూ అందుకోవచ్చు. సభ వాయిదా వేయించినవాళ్లు ఎవరైనా సరే, మంత్రిని ఆ రెండో ప్రశ్న నుంచి తప్పించినట్టే.

బొబ్బిలి వీణ
మాస్టారూ, మీ మాట బాగుంది, కానీ అరుపులు ఎందుకొస్తున్నాయో కూడా చూడాలి కదా. ప్రతిపక్షం రాజ్యసభ 267వ నిబంధన కింద నోటీసిస్తుంది, అంటే ఇవాళ్టి పని పక్కనపెట్టి ఈ విషయం చర్చించండి అని. 2016 నవంబరులో నోట్ల రద్దు మీద అలాగే చర్చ పెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నోటీసులు వస్తూనే ఉన్నాయి, తిరస్కరిస్తూనే ఉన్నారు. తలుపు మూసేస్తే గోల చేయక ఏం చేస్తారు? ఇంకోటి మర్చిపోకండి, 2020 కోవిడ్ అప్పుడు వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాలే లేకుండా చేశారు. అది చేసింది గోల చేసేవాళ్లు కాదు.

కోట జంక్షన్ (విజయనగరం)
267 రోజూ ఒప్పుకుంటే రోజూ ఆ రోజు పని ఆగిపోతుంది. 176వ నిబంధన కింద స్వల్పకాలిక చర్చ ఉంది, సావధాన తీర్మానం (అత్యవసర విషయం మీద మంత్రిని వివరణ అడిగేది) ఉంది, వాటిని వాడుకోవచ్చు కదా అక్కా.

బొబ్బిలి వీణ
ఉన్నాయి, ఎప్పుడు పెడతారో చెప్పరు. రెండు వారాల తర్వాత పెట్టే చర్చ చల్లారిపోయిన అన్నం లాంటిది.

ఉద్దానం కుర్రోడు (కవిటి)
మాస్టారు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు తట్టని సంగతి పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను, 11 గంటలకా 12 గంటలకా అన్నది చిన్న విషయం.

కానీ ఇంకోటి కలపాలి. మంత్రిత్వ శాఖలకి వారంలో రోజులు పంచేశారు. ఆరోగ్య శాఖ వంతు వచ్చిన రోజు సభ ఆగిపోతే ఆ శాఖని మళ్లీ నోటితో అడగాలంటే వారం ఆగాలి, అప్పుడు కూడా కొత్త నోటీసు, కొత్త లాటరీ. కిడ్నీ మీద ప్రశ్న లాటరీలో తగలడమే గగనం. తగిలినా పదో నంబరైతే గంటలో అక్కడిదాకా రావడమే కష్టం. అలాంటిది గొడవలో పోతే ఆ సెషన్లో ఇక రాదనే అనుకోవాలి. అందుకే నేను మాట మారుస్తున్నాను. వాయిదా వల్ల పోయిన స్టార్ ప్రశ్నల్ని రాతపూర్వకం కింద జమకట్టొద్దు. మర్నాడే అదే మంత్రి వచ్చి, అదే వరసలో, అనుబంధ ప్రశ్నలతో సహా జవాబివ్వాలి. అప్పుడు గొడవ వల్ల ఎవరికీ లాభం ఉండదు, ప్రభుత్వానికీ ఉండదు, అడ్డుకున్నవాళ్లకీ ఉండదు.

పలాస జీడిపిక్క
ఇది బాగుంది. బేగి ఎవరైనా ఎంపీకి రాయండి.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి (రాజాం)
ఆలోచన మంచిదే బాబూ, కానీ మర్నాడు అప్పటికే వేరే 15 ప్రశ్నలుంటాయి, వేరే మంత్రులుంటారు. వాళ్ల గంట తినేస్తే వాళ్లకేం సమాధానం చెప్తారు? మన ఉద్దానం ప్రశ్న కోసం ఇంకెవరిదో ఫ్లోరైడ్ నీళ్ల ప్రశ్న పోకూడదు కదా.

ఉద్దానం కుర్రోడు (కవిటి)
వాళ్ల గంట వాళ్లకే ఉంచండి మాస్టారూ. 1 నుంచి 2 దాకా భోజన విరామం ఉంది కదా, ముందురోజు ప్రశ్నలు పోయినప్పుడు అందులో అరగంట వీటికి ఇవ్వమంటున్నాను. మా నాన్న నాలుగు గంటలు సూదులతో పడుకుంటాడు, మధ్యలో భోజనానికి లేవడు.