ప్రెజర్ ట్యాంకు కలిపాక బావి మోటారు మాటిమాటికీ ఆగి నడుస్తోంది

ప్రశ్న:
మా బావిలో నీటిమట్టం నేల నుండి సుమారు 10 మీటర్ల లోతున ఉంటుంది. అందులోని సబ్‌మెర్సిబుల్ మోటారు నిమిషానికి 40 లీటర్ల దాకా తోడుతుంది. మేడ మీది ట్యాంకును తీసివేసి, లోపల గాలిని, నీటిని వేరుచేసే రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉన్న 100 లీటర్ల ప్రెజర్ ట్యాంకును నేనే బిగించాను. ప్రెజర్ స్విచ్ 30 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) దగ్గర మోటారును వేసి, 50 దగ్గర ఆపుతుంది. కుళాయి తిప్పితే మోటారు 20 సెకన్లు నడిచి ఆగుతుంది, కాసేపటికే మళ్లీ మొదలవుతుంది. అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది, రాత్రి ఎవరూ నీళ్లు వాడని వేళ కూడా గంటకు రెండు మూడు సార్లు అది దానంతట అదే నడవడం. గొట్టాల అమరికలో నేను పొరపాటు చేశానా, లేక ట్యాంకే చెడిపోయిందా?

సమాధానం 1:
ట్యాంకులో గాలి ఎంత ఉందో కొలిచినట్టు మీరు రాయలేదు, కాబట్టి ముందు అది చూడండి. బోర్డు దగ్గర కరెంటు ఆపి, కుళాయి తెరిచి, ట్యాంకులోని నీరంతా పోయాకే టైరు గాలి చూసే గేజుతో కొలవాలి. నీరు ఉండగా కొలిస్తే నీటి ఒత్తిడే కనబడుతుంది గాని, ట్యాంకులో అసలు ఎంత గాలి నింపారో తెలియదు. మోటారు మొదలయ్యే ఒత్తిడికన్నా 2 పీఎస్‌ఐ తక్కువ, అంటే మీ స్విచ్‌కు 28 ఉండాలి. అలా ఉంటే 50 నుండి 30కి దిగేలోగా మీ ట్యాంకు దాదాపు 29 లీటర్లు ఇస్తుంది. గాలి బొత్తిగా లేకపోతే 10 లీటర్లకు మించి ఇవ్వలేదు, మీరు చెప్పిన 20 సెకన్లు ఈ రెండో లెక్కకే దగ్గరగా ఉన్నాయి. గాలి వాల్వు మధ్యనున్న పిన్నును నొక్కినప్పుడు నీరు చిమ్మితే మాత్రం డయాఫ్రమ్ చిరిగినట్టే, గాలి నింపి లాభం లేదు. మొదలైన ప్రతిసారీ మోటారు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది కనుక, ఒకసారి మొదలయ్యాక కనీసం నిమిషమైనా నడిచేలా చూసుకోవడం మంచిది.

సమాధానం 2:
గాలి సంగతి సరిగ్గానే చెప్పారు, కాని రాత్రి నడవడానికి అది కారణం కాదు. ఎక్కడో నీరు పోతోంది. ట్యాంకు దాటాక ఇంట్లోకి వెళ్లే గొట్టం మీది వాల్వును రాత్రి మూసివేసి, కరెంటు కూడా ఆపి, గేజు ముల్లును గమనించండి. ముల్లు నిలిచి ఉంటే లీకు ఇంట్లో ఉంది, ముందుగా ఫ్లష్ ట్యాంకులను చూడండి. ముల్లు దిగుతూ ఉంటే, ట్యాంకు దగ్గరి అతుకులన్నీ పొడిగా ఉన్న పక్షంలో, నీరు తిరిగి బావిలోకే పోతోందని, మోటారు మీది నాన్-రిటర్న్ వాల్వు (నీరు వెనక్కి పోకుండా ఆపేది) పట్టడం లేదని అర్థం.

అది తేలాక, మోటారును పైకి తీసే శ్రమ ఎందుకని ట్యాంకు దగ్గర ఇంకొక నాన్-రిటర్న్ వాల్వు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి. కింది వాల్వు కారుతుంటే రెండింటి మధ్య గొట్టంలో నీరు జారిపోయి శూన్యం ఏర్పడుతుంది, అతుకుల్లో సన్నని సందు ఉన్నా బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. తాగే నీటి విషయంలో ఆ ప్రమాదం తెచ్చుకోకూడదు.

సమాధానం 3:
స్విచ్, గేజు రెండూ ట్యాంకు మూతి దగ్గరి టీకే (T ఆకారపు గొట్టపు అతుకుకే) ఉండాలి. స్విచ్‌ను దూరంగా పెడితే మోటారు మొదలైనప్పటి ఒత్తిడి కుదుపులకు అది టకటకా కొట్టుకుంటుంది. స్విచ్‌కూ ట్యాంకుకూ మధ్య ఏ వాల్వూ వద్దు, ఎవరైనా పొరపాటున మూస్తే ట్యాంకు ఒత్తిడి స్విచ్‌కు తెలియదు. స్విచ్ పాయింట్లు అతుక్కుపోయి మోటారు ఆగని రోజు కోసం ఒత్తిడి మితిమీరితే నీటిని బయటికి వదిలే ఒక సేఫ్టీ వాల్వు కూడా పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిచి చూస్తే గేజు ముల్లు కదలనే లేదు, గాలి దాదాపు సున్నా. పిన్ను నొక్కితే నీరు రాలేదు. సైకిల్ పంపుతో 28 దాకా నింపాక, కుళాయి తెరిచి ఉంటే మోటారు ఇప్పుడు ఆగకుండా దాదాపు ఒక నిమిషం పాటు నడుస్తోంది. ఇంటి వాల్వు మూసినా ముల్లు దిగింది, అతుకులు పొడిగానే ఉన్నాయి. మోటారును పైకి తీయిస్తే నాన్-రిటర్న్ వాల్వు కూర్చునే చోట చిన్న రాతి పలుకు ఇరుక్కుని ఉంది, రబ్బరు వాషరు కోసుకుపోయింది. వాల్వు కొత్తది వేసి దించాము. నిన్న రాత్రి పడుకునే ముందు గేజులో ఉన్న 46, ఈ ఉదయం కూడా 46గానే ఉంది.